‘కట్టిన’ అనే ఒక్క మాటకు ఇంగ్లీషులో ఆరు దారులు

హైస్కూలు పిల్లల్ని తికమక పెడుతున్న ‘హూ’, ‘విచ్’, ‘హూజ్’

పట్టిసీమ : శివరాత్రి తీర్థానికి వచ్చిన జనం, రేవులో ఆగిన లాంచీ, గోదావరి మధ్య కొండపై వెలసిన వీరభద్రస్వామి, 2015లో మొదలైన ఎత్తిపోతల పథకం - ఈ ఊరి గురించి నాలుగు ముక్కలు చెప్పమంటే ఎవరైనా ఇలాగే చెబుతారు. వచ్చిన, ఆగిన, వెలసిన, మొదలైన. మాటలు నేర్చిన కొద్ది కాలానికే తెలుగు పిల్లలకు పట్టుబడే పలుకుబడి ఇది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పనక్కర్లేదు. అదే పిల్లవాడు హైస్కూలుకు వచ్చి, ఈ నాలుగు ముక్కల్నే ఇంగ్లీషులో రాయవలసి వచ్చేసరికి కలం ఆగిపోతుంది.

పదో తరగతి ఇంగ్లీషు పేపర్లో రెండు చిన్న వాక్యాలిచ్చి, ‘హూ’తోనో ‘విచ్’తోనో కలిపి ఒకే వాక్యంగా రాయమనడం మామూలే. దానికి వచ్చే మార్కులు కొద్దివే. కాని అక్కడ పోయినవాడికి ఉత్తరం రాయడంలోనూ పోతుంది, డీఎస్సీలోనూ, బ్యాంకు పరీక్షలోనూ పోతుంది. ఆ తర్వాత ఇంగ్లీషులో వచ్చిన ఒక నోటీసును చదివి అర్థం చేసుకోవడంలో కూడా పోతుంది. ఆ చివరి నష్టం మార్కులతో కొలిచేది కాదు.

పిల్లల నోటు పుస్తకాలు తిరగేస్తే ఈ తప్పులు నాలుగైదు రకాలుగా కనబడతాయి. ‘ది బోయ్ కేమ్ యెస్టర్డే ఈజ్ మై ఫ్రెండ్’ అని ఒకడు రాస్తాడు. ‘ది బోట్ విచ్ వుయ్ కేమ్ ఇన్ ఇట్’ అని ఇంకొకడు. ‘ది బుక్ వాట్ ఐ బాట్’ అని ఒక అమ్మాయి. ‘ది ఓల్డ్ మాన్ హూ హిజ్ సన్ ఈజ్ ఇన్ దుబాయ్’ అని మరొక అమ్మాయి. మాస్టారు ఎర్రసిరాతో కొట్టేసి సరైనది పైన రాస్తారు. పిల్లలు దాన్ని చూసి మళ్లీ రాసుకుంటారు. వారం తిరక్కుండానే అదే తప్పు మళ్లీ వస్తుంది. దీన్ని మందబుద్ధి కింద కట్టేయడం అన్యాయం. ఈ తప్పులన్నీ తెలుగు బాగా వచ్చినవాడు చేసే తప్పులే.

ఆనకట్ట చెప్పే పాఠం

ఎందుకో తెలియాలంటే ధవళేశ్వరం ఆనకట్ట సంగతి తీసుకుంటే చాలు. 1847లో పని మొదలై 1852లో పూర్తయిన ఆ కట్టడం గురించి గోదావరి జిల్లాల్లో తెలియనివారుండరు. ‘ఆనకట్ట కట్టిన కాటన్’ అంటాం. మాట తిప్పి ‘కాటన్ కట్టిన ఆనకట్ట’ అంటాం. అక్కడితో ఆగకుండా ‘ఆనకట్ట కట్టిన ఊరు’, ‘ఆనకట్ట కట్టిన ఏడాది’, ‘ఆనకట్ట కట్టిన రాయి’, ‘ఆనకట్ట కట్టిన తీరు’ అని కూడా అంటాం. మనిషి, వస్తువు, చోటు, కాలం, సాధనం, పద్ధతి - ఆరింటికీ ‘కట్టిన’ ఒక్కటే. దానిలో అక్షరం కూడా మారలేదు. వినేవాడు వెనకనున్న నామవాచకాన్ని చూసి సంగతి గ్రహిస్తాడు. ఊరు ఆనకట్ట కట్టదు, ఏడాది ఆనకట్ట కట్టదు అని అందరికీ తెలుసు గదా!

ఇంగ్లీషు ఈ పనిని వినేవాడి తెలివికి వదిలిపెట్టదు. ప్రతిదానికీ దారి వేరు. కాటన్ అయితే ‘కాటన్, హూ బిల్ట్ ది ఆనికట్’. ఆనకట్ట అయితే ‘ది ఆనికట్ విచ్ కాటన్ బిల్ట్’. ఊరయితే ‘ది ప్లేస్ వేర్’, ఏడాది అయితే ‘ది ఇయర్ వెన్’. రాయి అయితే ‘విత్ విచ్’ అనాలి, తీరు అయితే ‘ఇన్ విచ్’ అనాలి. మన ఒక్క ‘కట్టిన’ అక్కడ ఆరు ముక్కలుగా విడిపోయింది. దీనికి తోడు వరస కూడా తలకిందులవుతుంది. మన వర్ణన నామవాచకానికి ముందు నడుస్తుంది. వాళ్ల వర్ణన నామవాచకానికి వెనక వస్తుంది. ముందు ‘అబ్బాయి’ అనేసి, ఆ తర్వాత ‘నిన్న వచ్చిన’ సంగతి చెప్పాలి. ఈ రెంటినీ కలిపే కొక్కెం పేరే రిలేటివ్ ప్రొనౌన్. మన పుస్తకాల్లో సంబంధ సర్వనామం అని రాస్తారు.

‘వచ్చిన’, ‘వస్తున్న’, ‘వచ్చే’, ‘రాని’ వంటి వాటిని తెలుగు వ్యాకరణం ధాతుజ విశేషణాలంటుంది. క్రియాజన్య విశేషణాలన్నా ఇవే. ఎనిమిదో తరగతి తెలుగు క్లాసులో పిల్లలు వీటిని బట్టీపట్టి మార్కులు తెచ్చుకుంటారు. పక్క పీరియడ్‌లో ఇంగ్లీషు మాస్టారు ‘హూ’, ‘విచ్’ చెబుతారు. రెండూ ఒకే పని చేస్తాయన్న ముక్క మాత్రం ఏ పీరియడ్‌లోనూ వినబడదు. గోడకు ఇవతల ఒకటి, అవతల ఒకటి!

దొరలకు ఎదురైన చిక్కు

ఇదే చిక్కు తిరగేసి తెల్లదొరలకు ఎదురైంది. తెలుగు నేర్చుకోవచ్చిన ఇంగ్లీషు వాడికి ‘హూ’కు సరిపడే మాట ఎంత వెదికినా దొరకలేదు. 1816లో కాంబెల్ దొర తెలుగు వ్యాకరణం అచ్చయింది. రాజమండ్రిలో కూడా జడ్జీగా పనిచేసిన సి.పి. బ్రౌన్ వ్యాకరణం 1840లో వచ్చింది. 1856లో కాల్డ్వెల్ ద్రావిడ భాషల వ్యాకరణాలను పోల్చి రాసిన గ్రంథంలో, ఈ భాషల్లో సంబంధ సర్వనామం లేదనీ, ఆ పనిని క్రియ నుంచి పుట్టిన విశేషణమే చేస్తుందనీ వివరించాడు. ఆ విశేషణానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘రిలేటివ్ పార్టిసిపుల్’. 1873లో వచ్చిన ఆర్డెన్ దొర వ్యాకరణం మొదలు, 1985లో భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి రాసిన ఆధునిక తెలుగు వ్యాకరణం వరకు ఈ ప్రకరణానికి చోటుంది. అంటే మన భాష నేర్చుకునే పరాయివాడికి ఈ తేడాను పనిగట్టుకుని చెబుతున్నారు. వాళ్ల భాష నేర్చుకునే మన పిల్లవాడికే ఎవరూ చెప్పడం లేదు.

తమిళం, కన్నడం, మలయాళం మాట్లాడేవారిదీ మన దారే. అంత దూరాన ఉన్న జపాను భాష కూడా వర్ణనను నామవాచకానికి ముందే పెడుతుంది, సంబంధ సర్వనామం వాడదు. హిందీవాడికి మాత్రం ‘జో’ ఉంది, సంస్కృతానికి ‘యః - సః’ ఉంది. కాబట్టి ఉత్తరాది పిల్లవాడికి ‘హూ’ అంత కొత్తగా తోచదు. మనకు లేకపోవడం లోటేమీ కాదు. మనది పొదుపు.

‘ఎవరైతే’ వల్ల వచ్చిన తంటా

మన దగ్గర చాలాచోట్ల ‘హూ’ అంటే ‘ఎవరైతే’, ‘విచ్’ అంటే ‘ఏదైతే’ అని నేర్పుతున్నారు. ‘ఎవరైతే నిన్న వచ్చాడో ఆ అబ్బాయి నా స్నేహితుడు’ అని అనువదిస్తారు. ఈ ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఇలా మాట్లాడేవారున్నారా? ‘నిన్న వచ్చిన అబ్బాయి మా ఫ్రెండే’ అంటారు. అంతే.

ఏ - ఆ జోడీ తెలుగులో అసలు లేదని కాదు. ‘ఏ ఎండకా గొడుగు’, ‘ఏ రోటికాడ ఆ పాట’, ‘ఎవరి గోల వారిది’ వంటివి అచ్చ తెలుగు నానుడులు. ఫలానా అని కాకుండా, ఏదైనా, ఎవరైనా అన్న అర్థం వచ్చేచోట ఆ జోడీ అందంగా ఉంటుంది. ఫలానా అబ్బాయి గురించి చెప్పేటప్పుడు అది ఎరువు తెచ్చుకున్న చొక్కాలా వేలాడుతుంది. టీవీల్లో ‘ఎవరైతే ఓటు వేస్తారో వారు’ అని వినబడినప్పుడల్లా ‘ఓటు వేసేవారు’ అంటే ఏం పోయిందని ఈ విలేఖరికి అనిపిస్తుంది.

ఈ పద్ధతి వల్ల తెలుగు చెడడం ఒక ఎత్తు, ఇంగ్లీషు చెడడం ఇంకో ఎత్తు. ‘ఏ పడవలో అయితే వచ్చామో ఆ పడవ’ అన్నప్పుడు పడవ రెండుసార్లు వస్తుంది. అదే లెక్కన పిల్లవాడు ‘ది బోట్ విచ్ వుయ్ కేమ్ ఇన్ ఇట్’ అని చివర ‘ఇట్’ తగిలిస్తాడు. ఇంగ్లీషులో పడవ బదులు ‘విచ్’ వచ్చేసింది కాబట్టి ‘ఇట్’కు చోటు లేదు. ‘మేము వచ్చిన పడవ’ అని మన తెలుగులోనే మొదలుపెట్టి ఉంటే ఆ రెండో పడవ పుట్టేదే కాదు.

తెలుగు నుంచే మొదలుపెడితే

దారి తేలికే. ముందు వాక్యాన్ని మామూలు తెలుగులో చెప్పించాలి. ‘నిన్న వచ్చిన అబ్బాయి’. నామవాచకాన్ని ముందుకు లాగాలి: ‘ది బోయ్’. మనిషి కాబట్టి ‘హూ’. మిగిలిన ‘నిన్న వచ్చిన’ దాన్ని పూర్తి క్రియగా మార్చి ‘కేమ్ యెస్టర్డే’ అని వెనక తగిలించాలి. వస్తువైతే ‘విచ్’ లేదా ‘దట్’. నాలుగు రోజులు ఊళ్లోని వస్తువుల మీదే ఈ అభ్యాసం చేయిస్తే చేయి తిరుగుతుంది. పట్టిసీమ దగ్గర ఎత్తిపోసిన నీరు, కుడికాలువలో పారే నీరు, కృష్ణలో కలిసిన నీరు - ఇరవై నాలుగు పంపులున్న ఆ పథకాన్ని చూసిన పిల్లలకు ఉదాహరణలు వేరే వెదకనక్కర్లేదు.

ఇంగ్లీషు మీడియం గొడవల మధ్య 2020లో రాష్ట్ర ప్రభుత్వం తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో అచ్చువేసిన పాఠ్యపుస్తకాలను తీసుకొచ్చింది. మీడియం మంచిచెడ్డల జోలికి మనం పోవద్దు. కాని ఈ ప్రకరణానికి అంతకంటె మంచి పనిముట్టు లేదు. తెలుగు పేజీలో ‘చేసిన’, ‘ఉన్న’, ‘పెరిగే’ వంటి మాటలు ఎక్కడున్నాయో గీత గీయించి, ఇంగ్లీషు పేజీలో దానికి ఎదురుగా ‘హూ’ ఉందా, ‘విచ్’ ఉందా, ఏదీ లేకుండా సరిపెట్టారా అని వెదికిస్తే ఒక పీరియడ్ చాలు. సైన్సు పుస్తకమైనా ఫరవాలేదు.

‘హూ’, ‘హూమ్’ తేడా మన తెలుగులోనే దాగి ఉంది. ‘నన్ను చూసిన డాక్టరు’, ‘నేను చూసిన డాక్టరు’ - రెండూ వేరని చంటిపిల్లకు కూడా తెలుసు. మొదటిదానిలో చూసినవాడు డాక్టరు, అందుకని ‘ది డాక్టర్ హూ సా మీ’. రెండోదానిలో చూసింది నేను, అందుకని ‘ది డాక్టర్ హూమ్ ఐ సా’. వర్ణనలో పనిచేసేవాడు వేరే కనబడితే ‘హూమ్’, కనబడకపోతే ‘హూ’ అని గుర్తు. ఈ రోజుల్లో ఇంగ్లీషువాళ్లే మాటల్లో ‘హూమ్’ వదిలేసి ‘హూ’తో సరిపెడుతున్నారు. పరీక్ష దిద్దేవారు మాత్రం వదల్లేదు. ఇలాంటి చోట ఆ కొక్కేన్ని పూర్తిగా తీసేసి ‘ది డాక్టర్ ఐ సా’ అన్నా తప్పులేదు. ‘ది బోయ్ కేమ్ యెస్టర్డే’లో మాత్రం తీయకూడదు. పనిచేసేవాడు వేరే ఉన్నప్పుడే తీసే వీలుంది. ఈ ఒక్క సూత్రం తెలియకనే మొదట చెప్పిన తప్పు వస్తోంది.

ఈ విషయంలో మన ‘చూసిన’ ఒక్కోసారి మోసం కూడా చేస్తుంది. ‘రాముడు చూసిన పిల్ల’ అంటే చిక్కులేదు. పెళ్లిచూపుల తర్వాత ఉత్తి ‘చూసిన పిల్ల’ అంటే ఎవరు ఎవరిని చూశారో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఇంగ్లీషులో ఆ దాగుడుమూతలు కుదరవు.

‘వాట్’ తప్పుకు కూడా తెలుగులోనే మందుంది. ‘నేను చెప్పింది నిజం’ అంటాం. ‘చెప్పింది’ అన్న మాటలోనే ‘ది’ రూపంలో ఆ సంగతి ఉంది. ఇంగ్లీషు ‘వాట్’ సరిగ్గా అదే: ‘వాట్ ఐ సెడ్ ఈజ్ ట్రూ’. ‘నేను చెప్పింది మాట’ అని మనం అనం గదా! అలాగే ‘ది బుక్ వాట్ ఐ బాట్’ అని వాళ్లూ అనరు. నామవాచకం ముందుంటే ‘వాట్’ రాకూడదు. ‘కొన్నది’ అయితే ‘వాట్’, ‘కొన్న పుస్తకం’ అయితే ‘విచ్’. ‘ఆల్’, ‘ఎవ్రీథింగ్’, ‘నథింగ్’ వంటివాటి వెనక కూడా ‘వాట్’ రాదు. అక్కడ ‘దట్’ వాడాలి.

‘హూజ్’ దగ్గర మాత్రం తెలుగు మీడియం పిల్లల మీద జాలి కలుగుతుంది. ‘కొడుకు దుబాయ్‌లో ఉన్న ముసలాయన’ అంటాం. కొడుకు ఎవరి కొడుకో చెప్పే మాటే అందులో లేదు. ‘యొక్క’ అని ఎవరూ అనరు. అయినా ముసలాయన కొడుకే అని అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఆ కనబడని చుట్టరికాన్ని బయటపెట్టి ‘హూజ్ సన్ ఈజ్ ఇన్ దుబాయ్’ అనాలి. ‘ఇంజను చెడిన పడవ’, ‘కప్పు ఎగిరిన ఇల్లు’, ‘గట్టు తెగిన కాలువ’ - అన్నింటికీ ‘హూజ్’ నడుస్తుంది. ప్రాణం లేనివాటికి ‘హూజ్’ వాడకూడదని కొందరు మాస్టార్లు కొట్టేస్తున్నారు గాని, మంచి ఇంగ్లీషు రాసేవారు ఎప్పటినుంచో వాడుతూనే ఉన్నారు.

మన విశేషణానికి లింగమూ వచనమూ పట్టవు. వచ్చే బస్సు, వచ్చే బస్సులు, వచ్చే అమ్మాయి - అన్నీ ‘వచ్చే’యే. అక్కడ మాత్రం ‘ది బస్ విచ్ కమ్స్’, ‘ది బసెస్ విచ్ కమ్’. ఇంకో పితలాటకం ‘రాని’తో వస్తుంది. రాని బస్సు అంటే నిన్న రానిదా, రోజూ రానిదా, ఇక రాబోనిదా? తెలుగు చెప్పదు. ఏడు చేపల కథలో ‘ఎండని చేప’ను ఇంగ్లీషులో పెట్టాలంటే ‘డిడ్ నాట్ డ్రై’ అనాలో ‘డజ్ నాట్ డ్రై’ అనాలో ముందు కాలం తేల్చుకోవాలి. కథ జరిగిపోయింది కాబట్టి ‘డిడ్ నాట్’ అంటారు. ఈ ప్రశ్న ఒక్కటి వేస్తే క్లాసంతా నవ్వుతూ నేర్చుకుంటుంది.

1935 నుంచి వాడుకలో ఉండి, తర్వాత ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణంలో ఈ సూత్రాలన్నీ ఉన్నాయి. కాని దేశమంతటికీ ఒకే పుస్తకమాయె. తెలుగువాడికి ఎక్కడ కాలు జారుతుందో అందులో దొరకదు. ఆ ఖాళీని క్లాసులో మాస్టారే పూరించాలి.

కామా ఒక్కటే, కాని...

రాజమండ్రిలో ఉన్న మా అన్నయ్య అంటే, నాకు ఒక్కడే అన్నయ్యా, లేక నలుగురిలో రాజమండ్రిలో ఉన్నవాడా? తెలుగు వాక్యం చూసి చెప్పలేం. ఇంగ్లీషులో కామా చెబుతుంది. ‘మై బ్రదర్’ తర్వాత కామా పెట్టి ‘హూ’ రాస్తే అన్నయ్య ఒక్కడే, రాజమండ్రి అదనపు సమాచారం. కామా లేకపోతే అన్నదమ్ములు ఇంకా ఉన్నారు, వారిలో ఫలానా అని ఏరి చెబుతున్నట్లు. ‘కాటన్, హూ బిల్ట్ ది ఆనికట్’ అని పైన కామా పెట్టింది అందుకే. ఆనకట్ట కట్టిన కాటన్ ఒక్కడే. ఇలా కామా పెట్టినచోట ‘దట్’ వాడకూడదు.

ఇది ఉత్తుత్తి సూక్ష్మం కాదు. ‘కాగితాలిచ్చిన రైతులకు సొమ్ము చెల్లిస్తారు’ అని ఇంగ్లీషులో ఒక నోటీసు వచ్చిందనుకుందాం. ‘ఫార్మర్స్’ తర్వాత కామా లేకపోతే కాగితాలిచ్చినవారికే సొమ్ము. ‘హూ’కు ముందొక కామా, ఆ ముక్క చివర ఒక కామా ఉంటే రైతులందరికీ సొమ్ము, అందరూ కాగితాలిచ్చేశారని అర్థం. ఇవ్వనివాడు ఏ వరుసలో నిలబడాలో ఆ రెండు గీతలను బట్టి ఉంటుంది.

పోలవరం ముంపు ప్రాంతంలో ఇంటింటా నలిగిన 2013 భూసేకరణ చట్టాన్నే చూడండి. పరిహారం, పునరావాసం కింద ‘బాధిత కుటుంబం’ అంటే ఎవరో ఆ చట్టం మూడో సెక్షన్ చెబుతుంది. భూమిగాని ఇతర స్థిరాస్తిగాని సేకరణలో పోయిన కుటుంబం అన్నది మొదటి రకం. ఇంగ్లీషులో అది ‘ఫామిలీ హూజ్’ అని మొదలవుతుంది. రెండో రకం సొంత భూమి లేని కుటుంబం, అక్కడ ‘ఫామిలీ విచ్’ వస్తుంది. ఆ కుటుంబంలోని కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవారి సంగతి ఆ వెంటనే వస్తుంది. సేకరణకు ముందు మూడేళ్లు ఆ ప్రాంతంలో పనిచేయడం అన్న షరతు ఒక ‘హూ’ వెంట నడుస్తుంది. ప్రధాన జీవనాధారం దెబ్బతినడం అన్నది ఇంకో ‘హూజ్’ వెంట నడుస్తుంది. నాలుగు కొక్కేలూ ఒకే వాక్యంలో తగిలించి ఉన్నాయి. సెంటు భూమి లేని కూలీ ఇంటి పిల్ల పదో తరగతి చదువుతుంటే, ఆ వాక్యంలో ఏ ‘హూ’ ఎవరి వెనక ఉందో తండ్రికి చదివి చెప్పవలసింది ఆ పిల్లే.